కప్పు మన ఊరిదే, మరి ఆడిందెవరు?

సంక్రాంతికి వాలీబాల్ షీల్డు పెడుతున్నామని మా పి.గన్నవరం కుర్రాళ్లు చందా పుస్తకం పట్టుకుని వస్తే ఇప్పటికీ కాదనను. ఆట చూడ్డానికీ వెళ్తాను. వెళ్లొచ్చాకే రెండు రోజులపాటు మనసు మనసులో ఉండదు.

మొన్న పండక్కి ఫైనల్ జరిగింది. ఫ్లడ్‌లైట్లు పట్టపగల్లా వెలుగుతున్నాయి. డీజే మోతకి పక్కవాడి మాట వినపడదు. మైకులో మా ఊరి పేరు పిలవగానే ఆరుగురు కుర్రాళ్లు ఒకే రంగు జెర్సీల్లో దిగారు. ఒక్క ముఖం కూడా గుర్తుపట్టలేకపోయాను. "ఎవరి అబ్బాయిలండీ వీళ్లు?" అని పక్కాయన్ని అడిగాను. "మనవాళ్లు కాదండి బాబూ, కాకినాడ నించీ భీమవరం నించీ తెప్పించారు. ప్రైజు మనీ వాళ్లకి, కప్పు మనకి" అన్నాడాయన. కప్పు మాకే వచ్చింది. బాణసంచా కాల్చారు. తెల్లారేసరికి ఆడినవాళ్లు డబ్బు పంచుకుని బస్సెక్కేశారు. ఏడాది పొడుగునా ఆ కోర్టులో చెమటోడ్చిన మా ఊరి పిల్లలు గీత బయట నిలబడి మంచినీళ్ల సీసాలు అందించారు.

మా రోజుల్లో ఊరి టీమంటే ఊరి టీమే. కొబ్బరి దింపులు తీసే ఆయన కొడుకు షూటరైతే, షావుకారుగారి మనవడు లిఫ్టరు. ఒకరి వీధికి ఒకరు వెళ్లని రోజులవి. అలాంటివాళ్లు కూడా కోర్టులోకి వచ్చాక ఒకే వైపు నిలబడేవారు. షూటరు ఎక్కడ ఎగురుతాడో, ఏ ఎత్తులో కొడతాడో లిఫ్టరుకి చూడకుండానే తెలిసేది. రోజూ సాయంత్రం దీపాలు పెట్టేదాకా కలిసి ఆడితే వచ్చిన విద్య అది. పండగ ముందు రోజు ఫోన్ చేసి పిలిపించుకుంటే వచ్చేది కాదు.

బంతి కూడా ఊరందరిదీ ఒక్కటే. తోలు బంతి, లోపల రబ్బరు బ్లాడరు. గాలి పోతే సైకిల్ పంపుతో కొట్టి, మూతి కట్టి, లోపలికి తోసి, పైన తోలు తాడు లాగి ముడి వేసేవాళ్లు. ఆ ముడి ఉన్న వైపు ముంజేతికి తగిలితే చర్మం ఎర్రగా కందిపోయేది. బ్లాడరు పంక్చరైతే సైకిల్ షాపులో ప్యాచీ వేయించాలి. షాపతను ఉతికి ఆరేసిన పంచెలా దాన్ని జాగ్రత్తగా పరిచి, అతుకు వేసి, నీళ్లలో ముంచి, బుడగలు రావడం లేదని చూపించాకే చేతికిచ్చేవాడు. మ్యాచ్ రోజు ఆ షాపు మూసేసి అందరికంటే ముందు కోర్టు దగ్గరికొచ్చేదీ అతనే. బంతిలో తన చెయ్యి కూడా ఉంది మరి.

అప్పటి లెక్క కూడా వేరు. గేము 15 పాయింట్లకి. సర్వీసు మనదైతేనే పాయింటు. అవతలివాళ్ల సర్వీసులో మనం ఎంత గొప్ప షాటు కొట్టినా దక్కేది సర్వీసే. 14-14 దగ్గర సర్వీసు అటూ ఇటూ మారుతూనే ఉండేది, స్కోరు మాత్రం కదిలేది కాదు. జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. ప్రతి ర్యాలీకీ పాయింటు, గేము 25 అనే పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య 1998లో ఒప్పుకుంది. మ్యాచ్ ఎంతసేపు సాగుతుందో టీవీవాళ్లకి అందాలి కదా. ప్రపంచమంతా మారినప్పుడు మనమూ మారాల్సిందే. కానీ ఆ పాత లెక్క మాకు ఆటని చూడ్డం నేర్పింది. వెనక వరసలో ఎవడు బంతి ఎత్తాడో, బ్లాకులో ఎవడి చెయ్యి ఆలస్యమైందో ముసలమ్మలు కూడా చెప్పేవారు. ఇప్పుడు వచ్చినవాళ్లలో సగం మంది ఫోనులో వీడియో తీస్తుంటారు. మిగతా సగం కోడిపందాల బరి దగ్గరుంటారు. న్యాయస్థానాలు ఎన్నిసార్లు వద్దన్నా అక్కడ జనానికి లోటుండదు.

అన్నిటికంటే నాకు కష్టం కలిగించేది వచ్చిన టీముల్ని మనం చూసే తీరు. బూరుగులంక, ఉడిమూడిలంక కుర్రాళ్లు అప్పట్లో గోదావరి పాయలో పడవ దాటి వచ్చేవారు. మామిడికుదురు వైపు వాళ్లు నది మీది అక్విడక్టు వంతెన దాటి వచ్చేవారు. పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. మధ్యాహ్నం తలా ఇద్దర్ని ఇళ్లకు తీసుకెళ్లి భోజనం పెట్టేవారు. ఓడిన టీముకి ఇంకో గరిటె ఎక్కువ వడ్డించేవారు. ఇదేం వింత కాదు. మా మండలంలోని లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళ ఎవరొచ్చినా ఆకు వేసి అన్నం పెట్టారు. 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం. రోజూ దాని మీంచి తిరుగుతూ, పండగపూట ఊరికొచ్చిన కుర్రాళ్ల చేతిలో బిర్యానీ ప్యాకెట్టు పెట్టి పంపేస్తే ఆ పేరుకి మర్యాదేనా?

ఇప్పుడంతా చెడ్డదని నేననను. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని ధైర్యంగా కోర్టులోకి దిగుతున్నారు. మా రోజుల్లో వాళ్లని అరుగు కూడా దిగనివ్వలేదు. అందులో ఈ రోజులే మేలు. మన మట్టిలో సత్తా తగ్గిందనీ అనను. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటేడు చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. ఎవరో ఒకరు చిన్నప్పుడు అతన్ని కోర్టులోకి రానిచ్చారు కాబట్టే అంతవాడయ్యాడు. మనం మాత్రం పండగ రోజున మన పిల్లల్నే కోర్టు బయట నిలబెడుతున్నాం. వాళ్లు ఓడిపోతారని భయం. ఓడనివ్వండి! మేమూ ఎన్నోసార్లు ఓడాం. ఓడిన మర్నాడే మళ్లీ నెట్టు కట్టాం.

వచ్చే సంక్రాంతికి కమిటీ వాళ్లని నేను అడిగేది ఇదొక్కటే. ఆరుగురిలో నలుగురు మన ఊరివాళ్లే ఉండాలని రూలు పెట్టండి. ప్రైజు మనీలో సగం తగ్గించి, ఆ డబ్బుతో ఏడాదంతా పిల్లలకి బంతులు, నెట్టు కొనండి. వచ్చే టీములకి ఇళ్లలో భోజనం పెట్టండి. దానికి ముందుగా మా ఇంటి పేరు రాసుకోండి. ఇలా చేశాక కప్పు పక్క ఊరు పట్టుకుపోయినా సరే, చందా పుస్తకంలో నా పేరు పక్కన రెట్టింపు రాసుకోండి.