పొట్టకు గట్టు లేదు

ఆరోగ్యం కోసమని నా అంతట నేను ఇంతవరకు మానేసిన తిండి ఒక్కటంటే ఒక్కటీ లేదు. మొదలుపెట్టినవి మాత్రం అడక్కండి. కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు, ఓట్సు, క్వినోవా, చియా గింజలు, ఆఖరికి కొరియావాళ్ళ కిమ్చీ కూడా మా వంటింటి అల్మారాలో వరసగా కూర్చున్నాయి. వాటి వెనకాల, ఎప్పటి చోటునే, ఎప్పటి లావుతోనే, సోనామసూరి బియ్యం మూట ఉంది. కొత్తవాళ్ళు ఎంతమంది వచ్చినా అది ఇంచు కూడా జరగలేదు. నేనూ జరగనివ్వలేదు.

ఇదంతా హిందూపురంలో చేయించుకున్న రక్తపరీక్షతో మొదలైంది. మూడు నెలల సగటు చక్కెర 6.1 వచ్చింది. 5.7 దాటితే హెచ్చరిక, 6.5కు చేరితే జబ్బు. అంటే నేను రెంటికీ నడుమ ఉన్నాను. డాక్టరు కాగితం చూసి, నా పొట్ట చూసి, మళ్ళీ కాగితం చూసి, "ఇప్పుడేం తింటున్నారో అదే తినండి. కాకపోతే సగం తినండి. రోజూ నడవండి" అన్నాడు.

నాకు చాలా చిన్నతనంగా తోచింది. అంత ఫీజు కట్టించుకుని చెప్పాల్సిన మాటేనా అది! పైగా నలుగురిలో చెప్పుకోవడానికి పనికొచ్చే మాట కూడా కాదు. మా పెనుకొండ పక్కనున్న ఎర్రమంచి దగ్గర టీ అంగట్లో "నేనిప్పుడు సగమే తింటున్నా" అని చూడండి, పాపం ఇంట్లో ఏమొచ్చిందో అని జాలిపడతారు. అదే "సిరిధాన్యాల్లోకి మారినా" అని చూడండి, బెంచీ మీద జరిగి చోటిస్తారు. రెండోది చెప్పుకుందామని నేను అక్కడే తీర్మానించుకున్నాను.

ముందు ఓట్సు తెచ్చాను. దాని గురించి ఎక్కువ చెప్పను. పాలలో ఉడికిస్తే గోడలకు పోస్టర్లు అంటించే బంకలా ఉంది. అందుకని మా ఇంటామె దాన్ని ఉప్పిట్టు చేసింది. ఉప్పిట్టంటే పోపు, పోపంటే చెనిక్కాయలు, చెనిక్కాయలంటే నాకు ప్రాణం. ఓట్సు తినేశాక అలవాటు ప్రకారం రెండు దోసెలు తిన్నాను. ఓట్సు మందు లెక్క, దోసె టిఫిన్ లెక్క. దేని లెక్క దానిదే.

ఆ తరవాత కొర్రలు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే కొర్రల విషయంలో నేను పెద్ద పండితుణ్ణయ్యాను. ప్రొద్దుటూరు నుంచి మైసూరు చేరి, చిరుధాన్యాల ప్రచారం చేసి, 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలీ గారి ఉపన్యాసాలు ఫోన్లో వరసబెట్టి విన్నాను. ఆ ఏడే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. అంతకు సరిగ్గా పదేళ్ళ ముందు, 2013లో, క్వినోవాకు అలాంటి సంవత్సరమే జరిగింది. ఎక్కడో ఆండీస్ కొండల్లో పండే ఆ గింజను తెచ్చి మన అనంతపురం నేలల్లో కూడా ప్రాజెక్ట్ అనంత కింద వేసి చూశారు. ఇంత చరిత్ర తెలిసినవాడికి కొర్రన్నం వండటం ఒక లెక్కా అనుకున్నాను.

లెక్కే. కొర్రలు రాత్రి నానబెట్టాలి. నేను గంటే నానబెట్టాను. కుక్కరు మూత తీస్తే గింజ గింజ విడివిడిగా, ఒకదానితో ఒకటి పరిచయం లేనట్టు ఉంది. పళ్ళెంలో పెట్టుకుని గరిటెడు పప్పు పోసుకున్నాను. చూస్తుండగానే ఇంకిపోయింది. ఇంకో గరిటె పోశాను, అదీ పోయింది. మూడో గరిటెకు కొంచెం తడి కనపడింది. అది గొంతు దిగాలంటే నెయ్యి కావాలి. నెయ్యి వేశాక వాసన వచ్చింది, వాసన వచ్చాక ఆకలి వేసింది. పప్పు మిగిలిపోతుందేమో అని కాస్త తెల్లన్నం పెట్టుకున్నాను. అన్నం ఎక్కువైంది కాబట్టి చెనిక్కాయల ఊరుబిండి వేసుకున్నాను. వంద గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో దాదాపు 560 కెలోరీలు ఉంటాయని నాకు తెలుసు. తెలుసు కాబట్టే లెక్క చూసుకోలేదు.

"ఏమండీ, కొర్రలు అన్నానికి బదులా, అన్నానికి తోడా?" అంది మా ఇంటామె.

"పీచు పదార్థం" అన్నాను. ఆ రోజుల్లో నేను ఏ ప్రశ్నకైనా అదే జవాబు చెప్పేవాణ్ణి.

మా అత్త మాత్రం ఈ కొత్త తిండిని చూసి ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆమెది చెన్నేకొత్తపల్లి వైపు పల్లె. చిన్నప్పుడు రోజూ కొర్రలు, సామలే, బియ్యపన్నం పండగకే చూసినామని చెప్తుంది. వరి పండని మెట్ట మాది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడినట్టు. ఆ వానకు కొర్ర, సామ చాలు. అయితే చెనిక్కాయకు రేటు పలికేసరికి ఉమ్మడి అనంతపురం జిల్లాలో లక్షల ఎకరాలు దాని కిందికి పోయాయి. అదే కాలంలో, 1983లో, ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. చేలో డబ్బు పంట, ఇంట్లో తెల్లన్నం. ఇంక దంచితే రెక్కలకు నొప్పి పుట్టించే కొర్రల్ని ఎవరు పండిస్తారు, ఎవరు దంచుతారు? 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలైన టింబక్టు కలెక్టివ్, దాని తోడ్పాటుతో పుట్టిన ధరణి రైతుల సహకార సంఘం లాంటివాళ్ళు పట్టుబట్టి మళ్ళీ వేయిస్తే గానీ ఆ గింజలు పొట్లాల్లో అంగళ్ళకు రాలేదు.

దీన్నిబట్టి నాకొక సంగతి అర్థమైంది. చేనుకు సర్వే నంబరు ఉంది, నాలుగు దిక్కులా గట్టు ఉంది. చెనిక్కాయ లోపలికి రావాలంటే కొర్ర బయటికి పోవాల్సిందే. నా పొట్టకు ఆ గట్టు లేదు. ఇందులోకి కొర్ర వచ్చినా చెనిక్కాయ పోదు, ఓట్సు వచ్చినా దోసె పోదు. నేలకు చేతకాని పని నేను చేస్తున్నానని కాసేపు గర్వపడ్డాను కూడా.

ఈ గర్వంలో ఉండగానే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చదివాను. పళ్ళెంలో సగం భాగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలట. మంచి మాట. నా పళ్ళెంలో సగం కూరలకు ఇస్తే మిగతావాటికి చోటు చాలదు. కాబట్టి ధర్మవరం పోయినప్పుడు పెళ్ళిళ్ళలో వాడే పెద్ద పళ్ళెం కొనుక్కొచ్చాను. ఇప్పుడు సగం పళ్ళెం కూరలు. మిగిలిన సగంలో పాత పళ్ళెం మొత్తం పట్టింది. మార్గదర్శకాలను అక్షరాలా పాటించినవాణ్ణి మండలం మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇక కిమ్చీ. పెనుకొండకు కొత్తవాళ్ళు రావడం కొత్తేమీ కాదు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులే రాజధాని ఎత్తుకుని ఇక్కడికి వచ్చారు. ఈ కాలంలో కొరియావాళ్ళు వచ్చారు. 2017లో ఒప్పందం, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కియా కార్ల ఫ్యాక్టరీ, 2019లో బయటికొచ్చిన మొదటి కార్లు. దానితోపాటు హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు, వాళ్ళ హోటళ్ళు, వాళ్ళ గెస్ట్‌హౌసులు. మా వీధి పిల్లోడొకడు అలాంటి గెస్ట్‌హౌసులో వంట చేస్తాడు. వరసకు నన్ను మామా అంటాడు. "పులియబెట్టింది మామా, కడుపుకు బో మంచిదంట" అని వాడే నాకు కిమ్చీ రుచి చూపించాడు.

క్యాబేజీని ఉప్పులో ఊరబెట్టి, కడిగి, నీళ్ళు పిండేసి, ఎండుమిరపపొడి, వెల్లుల్లి, అల్లం, బియ్యప్పిండి గంజి కలిపి పట్టిస్తారు. అది రెండు రోజులు పులుస్తుంది. కొరియాలో చలికాలం ముందు ఇళ్ళవాళ్ళంతా కలిసి ఈ పని చేసుకుంటారు. ఆ ఆచారాన్ని 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. యునెస్కో దాకా పోయిన పచ్చడిని చేయకుండా ఉండగలనా? వాళ్ళ కారం మనకు దొరకదు. హిందూపురం మార్కెట్లో బ్యాడగి మిరపకాయలు తెచ్చాను. రంగు ఎక్కువ, కారం తక్కువ, సరిగ్గా అతికింది. అంతా కలిపి గాజు సీసాలో కూరి, మూత గట్టిగా బిగించి, వంటింటి గట్టు మీద పెట్టాను.

కొరియాలో రెండు రోజులంటే అక్కడి చలి లెక్క. మాది పెనుకొండ, అది ఏప్రిల్. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వంటింట్లో టపాసు పేలినట్టు చప్పుడైంది. పోయి చూస్తే మూత ఒక మూల, సీసా ఒక మూల. గోడ మీదున్న తిరుమల క్యాలెండరులో ఏప్రిల్ నెల సగం ఎర్రగా తడిసింది. పైకప్పు నుంచి ఒక క్యాబేజీ ముక్క నిదానంగా కిందికి జారి నా భుజం మీద పడింది.

మా అత్త తొంగి చూసి, "ఏందప్పా ఇది, కుళ్ళిందా?" అంది.

"పులిసింది అత్తా" అన్నాను.

మా ఇంటామె గోడ వైపు చూపించి, "గోడక్కూడా మంచిదేనా?" అంది.

సీసాలో మిగిలిన సగం అద్భుతంగా ఉంది. అదే అసలు ప్రమాదం. వేడి వేడి అన్నంలో, నెయ్యి వేసి, మన ఆవకాయలాగే ఎర్రగా కలిపి తిన్నాను. ఆ సమయానికి వచ్చిన పిల్లోడు నిలబడిపోయి చూశాడు. "మామా, వాళ్ళు దీన్ని నంజుకుంటారు. నువ్వు కలుపుకుంటా ఉండావే!" అన్నాడు. నంజుకుంటే అన్నం తక్కువ పోతుంది, కలుపుకుంటే ఎక్కువ పోతుంది. ఒక మనిషి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ ఐదూ నేను మొదటి ముద్దల్లోనే ముగించి ఉంటాను. కడుపులోని మంచి సూక్ష్మజీవుల కోసం చేస్తున్నానని సర్దిచెప్పుకున్నాను. వాటికి కూడా నాలాగే ఆకలి ఎక్కువని తేలింది.

సాయంత్రాలు రాగి సంగటి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది లోపే. ఎముకలకు అంత బలమని తెలిశాక ఒక ముద్దతో ఎలా ఆగుతాం? పైగా సంగటి ఒంటరిగా దిగదు. నాటుకోడి పులుసు కావాలి. రాగుల మీది గౌరవంతో కోడిని కూడా తినేవాణ్ణి.

మళ్ళీ హిందూపురం పోయి పరీక్ష చేయించుకుంటే అదే 6.1. బరువు మాత్రం పెరిగింది. యంత్రం తప్పేమో అన్నాను. మా ఇంటామె ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అంగడి చీటీలు తీసుకొచ్చి నా ముందు పరిచింది. మొదటి పరీక్షకు ముందు నెల చీటీ ఒకటి, పోయిన నెలది ఒకటి. పాత చీటీలో బియ్యం 25 కిలోలు, కందిపప్పు, చెనిక్కాయలు, నూనె, బెల్లం, బొరుగులు. కొత్త చీటీలో బియ్యం 25 కిలోలు, కందిపప్పు ఇంకొంచెం ఎక్కువ, చెనిక్కాయలు, నూనె, బెల్లం, బొరుగులు. వాటి కింద కొత్త సంసారం: కొర్రలు, సామలు, రాగిపిండి, ఓట్సు, క్వినోవా, చియా. ఆమె వేలితో ఒక్కో వరసా చూపిస్తూ పోయింది. మొదటి ఆరింటి మీదా ఒక్క కొట్టివేత లేదు.

"మీరు తిండి మార్చలేదు. చుట్టాల్ని పెంచినారు" అంది.

ఆ రోజే ఇంట్లో చట్టం వచ్చింది. కొత్త తిండి ఒకటి గడప దాటి లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాల. మంచి చట్టమే, ఒప్పుకున్నాను. కొర్రలకు బదులు కాకరకాయను పంపిద్దామన్నాను. కాకరకాయను ఎప్పుడూ తిననేలేదు కాబట్టి అది చెల్లదంది. క్వినోవాకు బదులు ఉపవాసాల్లో తినే సగ్గుబియ్యం అన్నాను. ఉపవాసం నేను ఎప్పుడుంటానో చెప్పమంది. గట్టిగా బేరమాడిన మీదట తేలిందేమంటే, రాత్రి అన్నం పోయింది, దాని చోట కొర్రలు వచ్చాయి. ఆదివారం ఉగ్గాని ఉంది, బజ్జీలు పోయాయి. పెద్ద పళ్ళెం పిండి వడియాలు ఎండబెట్టడానికి మిద్దె మీదికి పోయింది.

మొన్న వంట పిల్లోడు పలచగా, నల్లగా, కాగితాల్లాంటివి తెచ్చాడు. సముద్రపు నాచు. ఎండబెట్టి, నువ్వుల నూనె రాసి, ఉప్పు చల్లి కాలుస్తారట. గిమ్ అంటారట. అయోడిన్ ఉంటుందట. నేను గడప దాకా వచ్చి ఆగాను. లోపలికి తెస్తే ఏదో ఒకటి పోతుంది. మిగిలినవాటిలో దేన్నీ పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు. చట్టాన్ని మనసులో మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. అందులో గడప గురించి ఉంది గానీ అరుగు గురించి ఒక్క మాటా లేదు.

ఇద్దరం అరుగు మీద కూర్చుని పొట్లం మొత్తం ఖాళీ చేశాం. కరకరమంటూ, ఉప్పుప్పగా, చాలా బాగుంది. లోపలి నుంచి మా ఇంటామె గొంతు వినిపించింది.

"తినండి, తినండి. మధ్యాహ్నానికి మీకు సగం బియ్యమే పోసినా."