చాయ్‌కి నిరభ్యంతర పత్రం

వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయానికి తమకేమీ అభ్యంతరం లేదని, శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ సెలవిచ్చింది, కేంద్రం సరేనంది. అంతే, రెండు పార్టీల వాళ్లు ఫ్లెక్సీలు, పాల ప్యాకెట్లు పట్టుకుని మామునూరు చేరి, ఘనత ఎవరిదో తేల్చుకోవడానికి తోపులాటకు దిగారు. నాకు మాత్రం కేంద్రానికీ ఆ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందంలోని ఓ నిబంధన మీద ఎక్కడలేని భక్తి పుట్టింది. శంషాబాద్ తెరిచిన 2008 నుంచి పాతికేళ్ల పాటు, గగనమార్గాన 150 కిలోమీటర్ల లోపు దేశీయంగానీ అంతర్జాతీయంగానీ కొత్త విమానాశ్రయం రాకూడదట. మామునూరు దాదాపు 145 దగ్గర చిక్కుకుపోయింది. రన్‌వేను ఓ అయిదారు కిలోమీటర్లు తూర్పుకు జరిపి వేయాలన్న దూరదృష్టి 1930లో నిజాముకు లేకపోయింది మరి!

ఇంత గొప్ప సూత్రాన్ని విమానాలకే పరిమితం చేయడం అన్యాయం. హన్మకొండ చౌరస్తాలో ఒకాయన చాయ్ హోటల్ పెట్టాడనుకుందాం. ముందు పక్కనున్న పాత హోటల్‌ని మూయించాలి. శంషాబాద్ కోసం బేగంపేట విమానాశ్రయానికి చేసిందదే కదా. ఆపైన పాతికేళ్లు, 150 కిలోమీటర్ల దాకా ఎవరూ పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టరాదు. దేశీయ చాయ్ అంటే ఇంటిల్లిపాదీ తాగేది. అంతర్జాతీయ చాయ్ అంటే చుట్టాలొచ్చినప్పుడు యాలకులు దంచి వేసేది. రెండూ నిషిద్ధమే. దూరం కాకి ఎగిరినట్టు కొలవాలి కనుక కరీంనగర్, ఖమ్మం ఎలాగూ పోతాయి. తీరా చూస్తే చార్మినార్ కూడా లోపలికే వస్తుంది. ఇరానీ హోటళ్ల వాళ్లు షట్టర్లు దించుకోవాల్సిందే.

కరీంనగర్ ఆసామికి పొద్దున్నే చాయ్ కావాలంటే తొలి బస్సెక్కి చౌరస్తాలో దిగాలి. ఆధార్ చూపించి, రెండు గంటల ముందే వచ్చి కూర్చోవాలి. తాగడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకోగా, పెట్టుకోగా, హోటలాయన మనసు కరిగి కరీంనగర్‌లో ఒక్క పొయ్యికి నిరభ్యంతర పత్రం ఇస్తాడు. జనం పరవశించిపోయి ఊళ్లో ఉన్న పాలన్నీ ఆయన ఫ్లెక్సీ మీద గుమ్మరిస్తారు. తీరా పొయ్యి వెలిగించాక చాయ్‌లోకి పాలుండవు.

శంషాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో రెండు గంటల పైచిలుకు. వరంగల్ నుంచి శంషాబాద్‌కు కారులో మూడు గంటలు. అమెరికా పోయే బిడ్డ కోసం ఆవకాయ డబ్బాకు నాలుగు చుట్లు టేపు వేసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, అర్ధరాత్రి ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కే తల్లికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

2004లో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది మనం ఓటేసి గెలిపించుకున్న ప్రభుత్వమే. మా ఊరి ఆకాశాన్ని రాసిచ్చేటప్పుడు మమ్మల్ని అడిగిన నాథుడు లేడు. రాసిచ్చినదాంట్లో ఓ ముక్క తిరిగి వస్తే దండాలు పెట్టాలా? రన్‌వే పొడిగింపుకు ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. కంపెనీ అభ్యంతరం లేదనేదాకా ఏళ్లకేళ్లు చేతులు కట్టుకు నిలబడ్డారే, నక్కలపల్లి, గుంటూరుపల్లి రైతుల అభ్యంతరం వినడానికి ఎన్నాళ్లు నిలబడతారు? భూమికి భూమో, సరైన ధరో వాళ్ల చేతిలో పెట్టకముందే పాలు పోయించుకునే ఫ్లెక్సీల్లోని ప్రతి మొహానికీ సిగ్గుండాలి.