శనిగారిపై ఫిర్యాదు

నాది మేషరాశి. 2025 మార్చి 29న శని మీనంలో అడుగుపెట్టాడు. నాకు ఏలినాటి శని మొదలైంది. అంతకు ఆరు రోజుల ముందే ఆయన వలయాలు సరిగ్గా అంచు మన వైపుకి తిరిగి మాయమయ్యాయి. ఈ రెండు సంగతులూ తెలియని నేను, వలయాలు చూద్దామని ఆ వేసవిలోనే ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ కొన్నాను. ఏలినాటికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

మా ఊరు మోరిస్‌విల్‌లో నాకున్న ఆకాశమెంతో చెబుతాను. సగం పైన్ చెట్లది. మిగతా సగంలో రాలీ-డర్హమ్ విమానాశ్రయం విమానాలు తిరుగుతుంటాయి. వాటికి పోగా మిగిలింది ఎదురింటివాళ్ళ వాకిలి దీపం ఆక్రమించింది. మా కాలనీ ఇళ్ళ సంఘం హెచ్‌ఓఏకి మొరపెట్టుకున్నాను. గడ్డి ఎంత పెరగొచ్చో రూలుంది గానీ, చీకటి ఎంత ఉండాలో లేదట.

చేసేదిలేక నవంబరులో ఆ గొట్టాన్ని కార్లో పడుకోబెట్టి జోర్డన్ లేక్ చేరాను. చాపెల్ హిల్‌లోని మోర్‌హెడ్ ప్లానిటేరియం వాళ్ళు అక్కడ అప్పుడప్పుడు జనానికి చుక్కలు చూపిస్తారు. అపోలో వ్యోమగాములకు చుక్కలు గుర్తుపట్టడం నేర్పింది ఆ ప్లానిటేరియంలోనే. చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా శనిని 120 రెట్లు పెద్దది చేసి చూశాను. బంగారు బొట్టు, దానికి అడ్డంగా సూదితో గీసినట్టు ఒక్క గీత. అంతే! వలయాల వెడల్పు 2,80,000 కిలోమీటర్లు, మందమేమో చాలాచోట్ల పదుల మీటర్లు. అప్పడాన్ని అంచు నుంచి చూస్తే ఇంకేం కనబడుతుంది? సుమారు 15 ఏళ్ళకోసారి ఇదే తంతు. 1612లో గెలీలియోకీ ఇలాగే అయితే, శని తన పిల్లల్ని తనే మింగేశాడా అని విస్తుపోయాడు. పాపం, ఆయనది ఏ రాశో!

అంతలో గుంటూరు నుంచి అమ్మ ఫోను. ఏం చేస్తున్నానో చెప్పాను.

"శనికి ఎదురుగా నిలబడకూడదని గుళ్ళో ఎన్నిసార్లు చెప్పానురా! ఇప్పుడు అద్దాలు పెట్టి మరీ చూస్తున్నావా?"

"నేను ఎదురుగా లేనమ్మా. ఆయనే పక్కకి తిరిగి ఉన్నాడు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఎలా ఉన్నాడురా?" అంది.

గీతకి ఓ పక్కగా ఆయన ఉపగ్రహం టైటాన్ మిణుకుమంటోంది. "బాగున్నాడమ్మా" అన్నాను. పదకొండింటి దాకా కన్ను తీయలేదు.

వలయాలు ఇకనుంచి ఏటేటా విచ్చుకుంటాయి. నిండుగా విచ్చుకునేది 2032లో. నా ఏలినాటి వదిలేదీ ఆ ఏడే. కాబట్టి శనిగారి మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఎదురింటి దీపం మీదది మాత్రం అలాగే ఉంటుంది.