గురువు చేతి చెక్కను

నేను చెక్కభజన గురువు చేతిలోని చెక్కను. ఉదయగిరి దుర్గం నీడలో పుట్టాను. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. ఆ కొండల కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే ఊరు మాది. వడ్రంగి నన్ను చేతికి ఇమిడేలా నున్నగా చిత్రిక పట్టి, సందులు తొలిచి, ఇత్తడి బిళ్ళలు బిగించాడు. నా జోడు తోడైతేనే నాకు గొంతు లేస్తుంది.

శ్రీరామనవమి వచ్చిందంటే ఉదయగిరి పల్లెల నుంచి ఆత్మకూరు దాకా మాకు తీరిక ఉండదు. ఆటగాళ్ళు గుండ్రంగా నిలబడతారు. గురువు నడుమ నిలిచి పల్లవి ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు వంత పాడతారు. పాట అందరికీ వచ్చు. ఏ చరణం ఎన్నిసార్లు తిప్పాలో, అడుగు ఎక్కడ మార్చాలో మాత్రం ముందుగా ఎవరికీ తెలియదు. జనం ఊపును బట్టి గురువు అప్పటికప్పుడు తేలుస్తాడు. పాడే నోటితో ఆ మాట చెప్పే వీలుండదు గనుక నాతో చెప్పిస్తాడు.

మా దళంలో నన్ను తలపైకి ఎత్తితే రెండో కాలం. మోకాలి దగ్గరికి దించితే మోత తగ్గాలి. ఒకరి వైపు చాస్తే ఆ చరణం అతనిది. అతను ఇష్టమైనంత రాగం తీసుకోవచ్చు, డోలక్ అతని వెంటే పోతుంది. గిర్రున తిప్పి ఆపితే ముక్తాయింపు.

కచేరీలో ఆదితాళం వేసే చెయ్యి 8 అక్షరాలు లెక్కపెడుతుంది. నేను ఆ లెక్కతో పాటు ఎవరి వంతు ఎప్పుడో కూడా చెబుతాను. అమెరికాలో బుచ్ మోరిస్ అనే సంగీతకారుడు 1985 నుంచి ఇలాంటి పనే చేశాడు. ఎదుట రాసిన స్వరాలు లేకుండానే వాద్యబృందాన్ని సైగలతో నడిపి, ఆ పద్ధతికి ‘కండక్షన్’ అని పేరు పెట్టాడు. అతని చేతి పుల్ల నాకు దూరపు చుట్టం.

గురువు చెయ్యి ఉందన్న ధైర్యంతోనే కుర్రాడు కొత్త పోకడ పోతాడు. దారి తప్పితే గురువు నన్ను గట్టిగా ఒక్క దెబ్బ మోగించి అందరినీ తాళంలోకి తెస్తాడు. తిరునాళ్ళలో మోగే సౌండు పెట్టెకు మాత్రం గురువులా ఎదుటివాడి అలుపూ తెలియదు, హుషారూ తెలియదు.

ఈ విద్య గురువు ఎదుట నిలబడి, ఆయన చేతిని చూస్తూ ఆడితేనే వస్తుంది. మీ పిల్లల చేతికి ఒక జత చెక్కలిచ్చి, వచ్చే నవమికి ఆటలో నిలబెట్టండి.