దారిలో ముప్ఫై రెండు పళ్ళు

మా బావగారు ఈమధ్య పొద్దున్నే నిమ్మరసం తాగడం మానేసి సేవించడం మొదలుపెట్టారు. తాగడానికి నిమిషం చాలు, సేవించడానికి గంట కావాలి. అరలీటరు గోరువెచ్చని నీళ్ళు, రెండు కాయల రసం, అరచెంచా తేనె స్టీలు ఫ్లాస్కులో పోసుకుని పార్కు చుట్టూ తిరుగుతారు. రౌండుకి రెండు గుటకలు. అంత నెమ్మదెందుకని అడిగితే, "గటగటా తాగితే ఒంటికి పట్టదు బావా" అన్నారు. ఒంటి సంగతి తెలీదు గానీ, పళ్ళకి మాత్రం బ్రహ్మాండంగా పడుతోంది.

"పులుపు కదండీ, పళ్ళకి మంచిది కాదేమో" అని నసిగాను. ఆయన నా వంక జాలిగా చూశారు. "పులుపు నాలుక వరకే. కడుపులోకి వెళ్ళాక క్షారమైపోతుంది. ఫోన్లో చూడలేదూ?" చూశాను. తెల్లకోటు వేసుకున్న ఒకాయన రోజుకోసారి ఆ మాటే చెబుతున్నాడు. నా సందేహం చాలా చిన్నది. నోటి తర్వాత కదా కడుపు వచ్చేది! గొంతు దాటాక నిమ్మరసం ఏ పార్టీలోకి ఫిరాయించినా నాకు అభ్యంతరం లేదు. ఫిరాయించేలోగా దారిలో ముప్ఫై రెండు పళ్ళున్నాయి. బావగారి విషయంలో ఇరవై తొమ్మిది.

పంటి పైపొర ఎనామిల్‌కి మనవాళ్ళు పింగాణి అని పేరు పెట్టారు. శరీరం మొత్తం మీద అంత గట్టి పదార్థం ఇంకోటి లేదు, ఎముక కూడా దాని తర్వాతే. బరువులో నూటికి సుమారు 96 పాళ్ళు ఖనిజమే. అంతటి గట్టిదీ పులుపుకి లొంగుతుంది. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే అందులోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండుకీ రెండున్నరకీ మధ్య. నీళ్ళు కలుపుతున్నాం కదా అంటారు. అరలీటరు కలిపినా ఆ 5.5 దరిదాపులకి రాదు. పైగా గుటకకొకసారి కొత్తగా పులుపు తగులుతుంటే, దాన్ని కడిగేసి పళ్ళని కుదుటపరచాల్సిన లాలాజలానికి తీరికేది?

నమ్మకం కుదరకపోతే వంటింట్లోకి వెళ్ళండి. నల్లటి నాపరాయి గట్టు మీద కోసిన నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా వదిలేయండి, ఇంట్లో తిట్లు తినే ఓపిక ఉంటేనే సుమా. తెల్లారేసరికి గుండ్రటి తెల్లమచ్చ. ఎంత తుడిచినా పోదు, అక్కడ రాయే పోయింది. చింతపండు రాసి రాగిచెంబు తళతళలాడించే జాతికి పులుపు ఏం చేస్తుందో ఇంకొకరు చెప్పాలా! నాలుగు మామిడికాయ ముక్కలు నమిలి "పళ్ళు పులిశాయి" అనే మాట పుట్టించింది మనమే కదా.

ఇదొక ఎత్తు. నడక ముగించి ఇంటికి రాగానే బావగారు చేసే పని ఇంకో ఎత్తు. పులుపుకి నాని మెత్తబడ్డ పొర మీద గట్టి కుచ్చుల బ్రష్షు, దాని మీద నల్లటి బొగ్గు పేస్టు, రంపం కోసినట్టు అడ్డంగా పది నిమిషాలు! బొగ్గన్నాను కాబట్టి ఒక మాట. మా నాయనమ్మ కచ్చిక బూడిదతో, బొగ్గుపొడితో పళ్ళు తోముకుంటే మోటని నవ్వి మాన్పించాం. అదే బొగ్గు ఇంగ్లీషు పేరు పెట్టుకుని ట్యూబులోకెక్కి వస్తే డబ్బిచ్చి మరీ అద్దం ముందు పెట్టుకున్నాం. బొగ్గు పేస్టుల మీద వచ్చిన పరిశోధనలను సమీక్షించి, అవి భద్రమనడానికీ, పనిచేస్తాయనడానికీ చాలినంత ఆధారం లేదని 2017లోనే అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో తేల్చారు. బావగారు ఆ పత్రిక తెప్పించరు.

ఇంత శ్రమా పళ్ళు తెల్లబడాలనే. అసలు హాస్యం అక్కడే ఉంది. పింగాణి కింద ఉండే డెంటిన్ పొర పసుపు రంగులో ఉంటుంది. పైపొర పలచబడేకొద్దీ కింది పసుపు బయటపడుతుంది. పసుపు కనబడింది కాబట్టి ఇంకాస్త నిమ్మ, ఇంకాస్త బొగ్గు. గోడ తెల్లబడాలని సున్నం గీకేస్తున్నట్టు! నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దమనే గృహవైద్యులూ లేకపోలేదు. పొంగిన నురగ చూసి మందు పనిచేస్తోందని మురిసిపోతారు. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి కొట్టుకుంటే వచ్చిన నురగ అది.

గోడకైతే మళ్ళీ సున్నం కొట్టించుకోవచ్చు. పింగాణిని కట్టిన కణాలు పన్ను చిగురు దాటి బయటికొచ్చేసరికే పని ముగించుకుని పోతాయి. రెండోసారి పిలుద్దామంటే మేస్త్రీ లేడు. ఫ్లోరైడ్ పేస్టు మెత్తబడ్డ పొరని మళ్ళీ గట్టిపరచగలదు, పోయిన పొరని మొలిపించలేదు. ఎనామిల్ తిరిగి పెరుగుతుందని డబ్బా మీద రాసినవాడు అంతకుముందు జుట్టునూనెల కంపెనీలో పనిచేసి ఉండాలి.

మొన్నొక పెళ్ళిలో బావగారు ఐస్‌క్రీం కప్పు అందుకున్నారు. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే దవడ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పళ్ళు జివ్వుమన్నాయి. కాసేపటికి తేరుకుని, "వయసు బావా" అన్నారు. నిమ్మకాయ మీద ఈగ వాలనివ్వలేదు.

నిమ్మకాయని వెలేయమని నేననడం లేదు. పులిహోరలో పిండుకోండి. తాగాలనిపిస్తే ఒక్కసారిగా తాగేసి, వెంటనే మామూలు నీళ్ళతో పుక్కిలించండి. బ్రష్షు అంతకుముందే కానిచ్చేయండి, కుదరకపోతే కనీసం అరగంట ఆగండి. మెత్తటి కుచ్చులది వాడండి. బావగారూ, ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి, మంచినీళ్ళు నింపి తెస్తాను.