ఈశాన్యంలో కుంభస్థలం

ఖరగ్‌పూర్ హిజ్లీలో మా బావగారి గాజుతొట్టి ఖాళీ అయి నెల దాటింది. వేసవిలో ఓ రాత్రి కరెంటు పోయి, తెల్లారేసరికి గోల్డ్‌ఫిష్‌లన్నీ వెల్లకిలా తేలాయి. ఎయిర్ పంపు ఆగి ఊపిరాడలేదని నేనన్నాను. తొట్టి నైరుతిలో ఉండటమే కారణమని వాస్తు పండితుడన్నాడు. నేను ఊరికే చెప్పాను, ఆయన ఫీజు పుచ్చుకుని చెప్పాడు. కాబట్టి తొట్టి ఈశాన్యానికి నడిచింది. ఇక అందులోకి అదృష్టం దిగాలి. దాని పేరు ఫ్లవర్‌హార్న్.

నెత్తిన ఏనుగు కుంభస్థలంలాంటి బొడిపె ఉంటుందే, ఆ చేప. బొడిపె ఎంత లావైతే ఇంట్లో ఐశ్వర్యం అంత లావట. ఒంటిమీది నల్లమచ్చలు చైనా అక్షరాల్లా కనిపిస్తే ధర ఇంకా పైకి. మా బావగారికి చైనా లిపి రాదు. అక్కడ ‘అప్పు’ అని రాసి ఉన్నా దానికీ హారతిస్తారు.

ఇంతకీ ఈ దేవుడు ఏ పురాణంలోనూ లేడు. మధ్య అమెరికా సిక్లిడ్ చేపల్ని కలిపి, 1990లలో మలేషియా పెంపకందార్లు పుట్టించిన సంకరజాతి ఇది. వాస్తుశాస్త్రం దీనికి ఈశాన్యం ఎప్పుడు కేటాయించిందో మరి! పైగా మగవాటిలో చాలావాటికి సంతానయోగం లేదు. తన వంశం నిలుపుకోలేని చేప మన వంశాన్ని ఉద్ధరించాలి.

బావగారి తొట్టి మూడడుగులు, నూట ముప్ఫై లీటర్లు. చేప అడుగు దాకా పెరుగుతుంది, పక్కన ఇంకో చేపను బతకనివ్వదు. ఖరగ్‌పూర్‌లో కిలోమీటరు దాటిన ప్లాట్‌ఫారం మీద కూడా చోటు చాలట్లేదని సణిగే రైల్వేవాళ్ళం, చేపకు మాత్రం మూడడుగులు మహాప్రసాదం అంటాం.

దేశపు తొలి ఐఐటీ 1951లో మొదలైంది ఈ హిజ్లీలోనే, ఒకప్పటి నిర్బంధ శిబిరంలో. ఆ కట్టడంలో ఇప్పుడు సైన్స్ మ్యూజియం ఉంది. బావగారు మనవణ్ణి అక్కడికి తీసుకెళ్ళి, వస్తూ వస్తూ చేప ముహూర్తం కనుక్కున్నారు.

పక్కింటి బెంగాలీ దాదా ఫోన్‌లో ఫ్లవర్‌హార్న్ ఫొటో చూసి ఒకటే అడిగాడు: “ఎటా ఖావా జాయ్?” తినొచ్చా అని. వీధి మొత్తానికి శాస్త్రీయమైన ప్రశ్న అదొక్కటే. మనం పులుసు పెట్టుకునే జిలేబీ చేప, అదే తిలాపియా, ఈ అదృష్టదేవతకు దాయాదే. ఇద్దరిదీ సిక్లిడ్ కుటుంబం. ఒకరికి హారతి, ఇంకొకరికి చింతపండు.

సిక్లిడ్లే కావాలంటే పెంచండి, బావగారూ! ముందు దిక్సూచి పక్కనపెట్టి నీళ్ళు పరీక్షించండి. మలావీ సరస్సు చేపలకు క్షారగుణమున్న కఠినజలం కావాలి. ఏంజెల్ చేపలకు మెత్తని నీళ్ళు హాయి. అవీ సిక్లిడ్లే, మీ తొట్టిలో నాలుగు పడతాయి. చేపలు వదిలే అమోనియాను అరిగించే బాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఆగాల్సింది అందుకు, అమావాస్య దాటడానికి కాదు.

ఇంతా విని ఫ్లవర్‌హార్నే తెస్తారని తెలుసు. కోరిక తీరలేదని కోపమొచ్చి దాన్ని కంసావతి నదిలో మాత్రం నిమజ్జనం చెయ్యకండి. 1952లో మనదేశానికి చుట్టపుచూపుగా వచ్చిన జిలేబీ మన చెరువుల్లోంచి ఇంతవరకూ కదల్లేదు.