మేడమీది బట్ట: ఒక పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరికింది కాదు. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకు కడుగుతారని అంటించిన నోటీసు వెనక పెన్సిలుతో రాసి ఉండగా, మేడ మీద తడిసిన బట్టలు తీస్తున్నప్పుడు నా కంటబడింది. కర్త ఎవరో తెలియదు. దస్తూరీ నాదిలాగే ఉందని మా ఆవిడ అంటుంది గానీ, ఆ వాదానికి శాసనాధారం లేదు.

గొడుగు మోయునాడు కొండంత యెండరా
మరచి వెళ్లునాడు మబ్బు కురియు
చేతి యద్దమందు చెప్పు మాటలు నమ్మ
మేడమీది బట్ట మిగులు తడిగ

ప్రతిపదార్థం

గొడుగు = ఛత్రమును; మోయునాడు = ఇంటి నుండి ఆఫీసుకును, ఆఫీసు నుండి ఇంటికిని ఊరక మోసిన దినమున; కొండంత యెండ = కొండవలె కదలని యెండ; రా = ఓరీ, అని కవి తన్ను తానే పిలుచుకొనుట; మరచి వెళ్లునాడు = ఆ గొడుగే చెప్పుల స్టాండు పక్కన ఉండిపోయిన దినమున; మబ్బు = మేఘము; కురియు = సరిగ్గా బస్సు దిగు సమయమునకు వర్షించును; చేతి యద్దమందు = ఫోను తెరయందు; చెప్పు మాటలు = సూర్యుని బొమ్మ, చినుకుల బొమ్మ, శాతములు మున్నగునవి; నమ్మ = నమ్మినచో; మేడమీది బట్ట = ఉదయమున ఆరవేసినది; తడిగ = ఆరవేయుటకు ముందుకంటె తడిగా; మిగులు = మిగిలిపోవును.

తాత్పర్యం

వాతావరణం యాప్‌ను నమ్మి బట్టలు ఆరేస్తే మళ్లీ పిండుకోవాల్సి వస్తుంది. ఇంతే. కవి చెప్పింది ఇంతే అయినా, వ్యాఖ్యాత ఇక్కడ ఆగిపోతే ఆ జాతికే మచ్చ.

విశేషాంశాలు

"చేతి యద్దము" అనడంలో చమత్కారం ఉంది. అద్దం ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. ఈ అద్దం ఆకాశం కింద ఉండి కూడా ఆకాశాన్ని చూడదు. చినుకు పడితే గుర్తుపట్టే సాధనం ఫోన్‌లో లేదు. ఉపగ్రహాలు, బెలూన్లు, ఓడలు, నేల మీది కేంద్రాలు పంపిన కొలతలతో ఎక్కడో ఒక సూపర్ కంప్యూటర్ వేసిన లెక్క ఇందులోకి వస్తుంది. ఆ లెక్క కోసం భూగోళాన్ని గళ్లు గళ్లుగా కోస్తారు. అమెరికావాళ్ల జీఎఫ్ఎస్ మోడల్‌లో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ వాళ్లదాంట్లో సుమారు 9. మన దేశం 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6. అంటే అమీర్‌పేట, కూకట్‌పల్లి రెండూ కొన్ని మోడళ్లలో ఒకే గడిలో పడొచ్చు. కూకట్‌పల్లిలో కుండపోత, అమీర్‌పేటలో దుమ్ము అనేది హైదరాబాద్ వాళ్లందరికీ తెలిసిన సంగతే. పాపం, గడికి తెలియదు.

కనుక యాప్‌ను ఎంచుకునేవాడు సంబంధం చూసేటప్పుడు గోత్రం అడిగినట్టు, ముందు మోడల్ అడగాలి. చెప్పని యాప్‌ను దూరంగా పెట్టాలి. నేను ఒకప్పుడు మూడు యాప్‌లు పెట్టుకుని, మూడూ ఎండే అన్నాయని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, మూడూ ఏకగోత్రం. ఒకే సాక్షి మూడు చొక్కాలు మార్చుకుని వచ్చి సాక్ష్యం చెప్పాడన్నమాట.

"శాతములు" అని టీకలో చేర్చాం. దీని మీద పెద్ద వివాదం ఉంది. పూర్వపక్షం: 40 శాతం వాన అంటే ఊళ్లో 40 శాతం జాగాలో పడుతుందని ఒకరు, రోజులో 40 శాతం సేపు పడుతుందని ఒకరు, నలభై కదా, పాసు మార్కులు దాటింది గనక పడి తీరుతుందని మా బావమరిది. సిద్ధాంతం: ఇలాంటి పరిస్థితి పది రోజులు వస్తే, మీరున్న చోట నాలుగు రోజులు తడుస్తుంది, ఆరు రోజులు తడవదు. తడవని రోజున యాప్ అబద్ధమాడిందని తిట్టడం న్యాయం కాదు. ఆ నాలుగు రోజులు ఏవో చెప్పకపోవడం మీద మాత్రం కవికి కోపం ఉంది. నాకూ ఉంది.

కొన్ని యాప్‌లు రానున్న మూడు నెలలకూ రోజువారీ బొమ్మలు వేసి చూపిస్తాయి. బృహత్సంహితలో వరాహమిహిరుడు మేఘం గర్భం దాల్చిన 195వ రోజున ప్రసవిస్తుందన్నాడు. దానికైనా ముందు గాలి, మెరుపు, మబ్బు రంగు చూసి గర్భలక్షణాలు నిర్ణయించమన్నాడు. యాప్‌కు ఆపాటి పథ్యం కూడా లేదు. వారం దాటితే రోజువారీ అంచనా బలం తగ్గిపోతుంది. రెండు వారాలు దాటాక అది ఉగాదినాడు పంచాంగంలో చెప్పే వాన కుంచాల లెక్కే, పచ్చడి లేదన్న తేడా తప్ప.

"మబ్బు" ఏకవచనం కావడం గమనించదగ్గది. తుపాను అయితే ఏకవచనం చెల్లదు. వందల కిలోమీటర్ల వ్యవస్థ అది, గళ్లకు సులువుగా చిక్కుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతుందని మన వాతావరణ శాఖ ముందే చెప్పింది. మే నెల సాయంత్రం ఊరి మీద ఒంటరిగా లేచే క్యుములోనింబస్ మేఘం అలాంటిది కాదు. గంటలో పుట్టి, కురిసి, మాయమవుతుంది. దానికి మోడల్ కాదు, రాడార్ కావాలి. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నాల్లో డాప్లర్ రాడార్లున్నాయి. అవి జోస్యం చెప్పవు, ఉన్న వానను చూపిస్తాయి. బట్టలారేసే గృహస్థుకు పది రోజుల భవిష్యత్తు కంటే రాడార్ బొమ్మలో గట్టి వానను చూపే ఎర్రమచ్చ మరో గంటలో ఎటు జరుగుతుందన్నదే ముఖ్యం.

పాఠాంతరం

నాలుగో పాదాన్ని "మేడమీది మిరప మిగులు తడిగ" అని మా ఆవిడ చదువుతుంది. ఛందస్సు చెడలేదు, యతి నిలిచింది. పైగా చారిత్రక ఆధారం కూడా ఉంది. ఆవకాయ రోజుల్లో రెండు కిలోల మిరపకాయలు పైన ఆరబోశాం. ఫోన్‌తో పాటు ఉచితంగా వచ్చిన యాప్‌లో సూర్యుడు పళ్లికిలిస్తున్నాడు. ఎదురింటి పిన్నిగారు ఈశాన్యం మూల ఒకసారి చూసి, "బాబూ, కాయలు తీసెయ్, గాలి తిరిగింది" అంది. నేను ఆవిడకు సూర్యుడి బొమ్మ చూపించాను. ఆ తర్వాతి ఇరవై నిమిషాల గురించి వ్యాఖ్యానం అనవసరం. పిన్నిగారు మాత్రం ఇప్పటికీ ఆ విషయం ఎత్తదు. అదే ఎక్కువ బాధ.

అలంకారం

విషమం. మేలు కోరి చేసిన పని కీడు తెస్తే ఆ పేరు. ఇంతకంటే విషమమైన విషమం మిరపకాయల్లో దొరకదు.

వినియోగం

మరి ఏ యాప్ పెట్టుకోవాలి? వాతావరణ శాఖ వారి మౌసం 2020లో వచ్చింది. దాని తయారీలో మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ల చేయి ఉంది. హెచ్చరిక రంగులకూ, రాడార్‌కూ అది చాలు. పసుపు గమనించమని, నారింజ సిద్ధపడమని, ఎరుపు కదలమని. "భారీ" అనే మాటకు అక్కడ కొలత ఉంది: 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అంకె లేకుండా భారీ అనే యాప్‌ది ఉత్ప్రేక్ష.

పొలం ఉన్నవాళ్లకు మేఘదూత్. కాళిదాసు తన కావ్యంలో మేఘం చేత కబురు పంపాడు, ఇది మేఘం గురించే కబురు పంపుతుంది. ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదక్ దగ్గరి కొల్చారం వాడు. ఆయన ఉండి ఉంటే ఈ పనికి నేను దొరికేవాణ్ని కాదు. పుణె శాస్త్రవేత్తల దామిని మాత్రం అందరికీ ఉండాలి. 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగు సంగతి చెబుతుంది. గొర్రెలు కాసేవాళ్ల ఫోన్‌లో, నాట్లేసే కూలీల మేస్త్రీ ఫోన్‌లో అది లేకపోతే మీరే వేసిపెట్టండి. ఈ ఒక్క వాక్యంలో వ్యాఖ్యాతకు హాస్యం లేదు.

ప్రైవేటు యాప్ కూడా కావాలంటే, పదిహేను రోజులు గోడ క్యాలెండర్ మీద పరీక్షించండి. రాత్రి అది చెప్పింది ఒక మూల, మర్నాడు జరిగింది ఇంకో మూల. మీ కాలనీ పేరు పెట్టారో, ఊరి పేరే ఉండిపోయిందో కూడా చూసుకోండి.

ఇది రాస్తున్న వేళకు మౌసంలో మా జిల్లా పసుపురంగులో ఉంది. రాడార్‌లో వికారాబాద్ మీద ఒక ఎర్రమచ్చ ఇటే వస్తోంది. ఉదయం ఆరేసిన దుప్పట్లు పైనే ఉన్నాయి. పాఠకులు మన్నించాలి, వ్యాఖ్యాత మేడ మీదికి వెళ్తున్నాడు.